ఊ కొట్టిన గొర్రె

జిన్నారం,
18 జనవరి 2004

అహరోనుకు నీ మేనత్త సౌభాగ్యమ్మ రాయించేది.

ఇక్కడ నేను బతికే ఉన్నాను. నువ్వు బాగున్నావా అని అడగను. పుస్తకం అట్ట మీద నీ ఫొటో చూశాను, మెడ కనబడనంత కండ పట్టావు. బాగానే ఉన్నావు.

నాకు అక్షరం రాదని నీకు తెలుసు. పక్కింటి రాధమ్మ రాస్తున్నది. మా లీలమ్మతో మందుల కంపెనీలో ఒకే గదిలో పనిచేసిన రాధమ్మే. నేను మాట్లాడినట్టు రాస్తే నీ ఆఫీసులో నవ్వుతారని, పుస్తకం భాషలో పెడతానన్నది. పెట్టు, కోపం మాత్రం తగ్గించకు అన్నాను.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు నువ్వు పంపిన రంగుల పుస్తకం గుడిలో చదివి వినిపించారు. 'బుజ్జి మంద: పదేండ్ల చరిత్ర' అట. ఆదివారం పొద్దున టీవీలో పిల్లలకు నువ్వు చూపించే బైబిలు కథల కార్యక్రమం ఎట్లా పుట్టింది, ఎట్లా పెరిగింది అని. మొదటి పేజీలో నీకు దర్శనమైంది. దర్శనంలో తెల్లటి గొర్రెపిల్ల వచ్చి, నా పేరు ముత్యం, నన్ను పిల్లల దగ్గరికి తీసుకుపో అన్నదట. జనం స్తోత్రం స్తోత్రం అన్నారు.

ఆ గొర్రె దర్శనంలోంచి రాలేదురా. మా ఇంటి కుట్టుమిషను కింద నుంచి వచ్చింది. కంపెనీలో పారేసిన ఫిల్టరు గుడ్డను లీలమ్మ ఉడకబెట్టి, ఎండబెట్టి, గొర్రె కుట్టింది. కళ్ళకు నా పాత రవిక గుండీలు పెట్టింది. నువ్వు మరిచిపోయావేమో, నేను చెప్తాను విను. నేను గుడి వెనక రేకుల కింద ఆదివారం బడి పిల్లలకు కథలు చెప్పేదాన్ని. పటాన్‌చెరులో ఇంటింటికీ కేబుల్ వైర్లు లాగే చిన్నరాములును నువ్వే వెంటబెట్టుకొచ్చావు. అతని దగ్గర పెళ్ళిళ్ళు తీసే కెమెరా ఉండె. ఆదివారం పొద్దున కేబుల్‌లో అర్ధగంట ఖాళీగా ఉంది, నీ కథలు పెడతామన్నావు. లైటు వెయ్యగానే పిల్లలు నోళ్ళు మూసుకున్నారు. ఊ కొట్టేవాళ్ళు లేకుంటే కథ ఎట్లా నడుస్తుంది? మిషనుకు కథ చెప్పనన్నాను. అప్పుడు లీలమ్మ గొర్రెలో చెయ్యి పెట్టి బల్ల కింద దూరింది. నేను అనగనగా అన్నాను. గొర్రె తల ఊపి "ఊ" అన్నది. పిల్లలు పకపకా నవ్వారు. నీ బుజ్జి మంద పుట్టింది అప్పుడు, అక్కడ. బల్ల కింద.

దర్శనం పోతే పోనీ. అబద్ధమాడే నోరు నీది, వినే దేవుడు వేరే ఉన్నాడు. నేను రాయించేది మూడో పేజీ గురించి.

అందులో రాహేలు ఫొటో ఉంది. నా మనుమరాలు, లీలమ్మ బిడ్డ. కింద ఏం రాయించావు? 'మద్యానికి బానిసై, తూలుతూ ఇల్లు చేరి, చివరకు మద్యానికే బలైన తల్లి. ఆ చీకటిలో నుంచి బుజ్జి మంద పైకెత్తిన పసిబిడ్డ.' ఈస్టరు తర్వాత జరిగే పదేండ్ల పండుగలో ఆ పిల్లే లేచి తన తల్లి గురించి సాక్ష్యం చెబుతుందట.

అయ్యగారు అది చదువుతుంటే గుడి మొత్తం వెనక్కి తిరిగి నా మొహం చూసింది. ఉమ్మేద్దామంటే గుడి. మింగుదామంటే అబద్ధం.

నా బిడ్డ చుక్క తాగలేదు. ఆ పేజీ తీసెయ్. ఆ మాట రాహేలు నోట రానియ్యకు. నాకు ఇంకేం వద్దు.

సౌభాగ్యమ్మ వేలిముద్ర


సికింద్రాబాదు,
2 ఫిబ్రవరి 2004

ప్రభువునందు మిక్కిలి ప్రియమైన అత్తమ్మగారికి, మీ అహరోను నిండు వందనములు.

మీ ఉత్తరము అందినది. మీ ఆరోగ్యము కొరకు మా ఆఫీసులో ప్రత్యేక ప్రార్థన చేయించితిని.

చరిత్ర పుస్తకములో మీ పేరు రాలేదని మీ మనసు నొచ్చినట్టు గ్రహించాను. నాలుగో పేజీలో 'ఒక వృద్ధ విశ్వాసురాలి సహకారముతో' అని ఉన్నది, అది మీరే. పుస్తకము రాసినది మా కమిటీ. దర్శనము సంగతి కూడా దాతలకు అర్థమగు రీతిలో వారు పెట్టినదే. కేబుల్ వైర్లు, పెళ్ళి కెమెరా అని రాస్తే ఎవరు చదువుతారు? ఈరోజు బుజ్జి మంద శాటిలైటు మీద దుబాయిలోని తెలుగు పిల్లలు కూడా చూస్తున్నారు. ఫలమును చూడండి అత్తమ్మ, విత్తనమును తవ్వి చూడకండి.

లీలమ్మ విషయము గతించినది. ఆమెను మనము తీర్పు తీర్చుట లేదు. అయితే ఒక సాక్ష్యమునకు చీకటి లేకుండ వెలుగు కనబడదు గదా. రాహేలు తన ఇష్టపూర్వకముగానే ముందుకు వచ్చినది. హాస్టలులో మొదటి ర్యాంకు విద్యార్థిని. ఆమె చదువు అంతా మా పరిచర్యయే చూచుకొనుచున్నది.

మీరు కార్యక్రమమును శాటిలైటు మీదికి వచ్చిన తరువాత ఒక్కసారి కూడా చూడలేదు గనుక అపార్థము కలిగినది. అందుచేత మీకొక కలర్ టీవీ పంపుచున్నాను. పటాన్‌చెరు షాపు నుండి మనిషి వచ్చి బిగించి వెళ్ళును. ఆదివారము పొద్దున చూడండి. మీ మనసు మారును.

మీ సేవకుడు,
అహరోను


జిన్నారం,
16 ఫిబ్రవరి 2004

అహరోనూ,

టీవీ వచ్చింది. బిగించారు. నిన్న పొద్దున ఇల్లు నిండా జనం. రాధమ్మ పిల్లలు, ఎదురింటి రాజవ్వ, ఆమె కోడలు, అందరూ. నీ బుజ్జి మంద చూశాం.

ఒరే, ముత్యం ఏదిరా? నా చేతిలో పట్టేంత గొర్రె. దాని స్థానంలో ఆరడుగుల మగమనిషికి బొచ్చు తొడిగి నిలబెట్టావు. రాజవ్వ మనుమడు ఎలుగుబంటి అని జడుసుకొని ఏడ్చాడు. అసలు ముత్యాన్ని గాజుపెట్టెలో పెట్టి చూపించారు, శవాన్ని చూపించినట్టు. పసిపిల్లలకు పెదవులకు రంగు. ఒక పిల్ల పాపాల గురించి ఏడుస్తున్నది. అది ఏడుపు కాదు, కంట్లో ఏదో పోశారు. ఒక కన్నే కారుతున్నది. ఆ పిల్లకు పళ్ళు కూడా పూర్తిగా రాలేదు, దానికి పాపం ఎక్కడిది? నడుమ నడుమ నొప్పుల మాత్ర బొమ్మ. ఏ కంపెనీ మాత్రో రాధమ్మ చదివి చెప్పింది. రాజవ్వ ఒక్కమాట అన్నది: "సౌభాగ్యక్కా, గిది పిల్లలకు సూపెట్టేదా, పిల్లలను సూపెట్టేదా?"

తర్వాత జుట్టు కత్తిరించుకున్న పిల్ల ఒకతి వచ్చి కథ చెప్పింది. యోనాను చేప మింగిన కథ. నా కథే. నేను ఎక్కడ ఆపుతానో అక్కడ ఆపింది, ఎక్కడ కళ్ళు పెద్దవి చేస్తానో అక్కడ చేసింది. ఆ చేప మన మంజీరలో ఉండేదా అవ్వా అని పిల్లలు అడుగుతారు కదా, ఉండేది బిడ్డా, కంపెనీల నీళ్ళు వాగులోంచి వచ్చి కలిశాక చచ్చింది అని నేను చెప్పే మాట మాత్రం లేదు. కోసేశారు. సరే. కోసుకోండి.

ఆ పిల్ల "అనగనగా" అన్నది. బొచ్చు మనిషి తల ఊపాడు.

ఊ, అని వినబడింది.

రాధమ్మ చేతిలో చాయి గ్లాసు కింద పడింది. ఆ పిల్ల ఇంకో మాట చెప్పింది. మళ్ళీ వచ్చింది. తుఫాను వచ్చినప్పుడు భయపడే ఊ. చేప నోరు తెరిచినప్పుడు నమ్మలేని ఊ, చివర కొంచెం పైకి లేస్తుంది. చిన్నప్పుడు నా కుక్కి మంచంలో పడుకొని నిద్ర ఆపుకుంటూ కొట్టిన ఊ.

నా బిడ్డ పోయి ఏడేండ్లు. నేను దాని గొంతు మరిచిపోయానని అనుకున్నాను. దేవుడా మరిచిపోయానని ఏడ్చిన రోజులున్నాయి.

నువ్వు మరిచిపోలేదు. టేపుల్లోంచి తీసి దాచుకున్నావు. ఆదివారం ఆదివారం వాడుకుంటున్నావు. ఒక పక్క తాగుబోతని అచ్చు వేయించావు, ఇంకో పక్క దాని గొంతుతో పిల్లలకు దేవుని కథకు ఊ కొట్టిస్తున్నావు. శవం మీది పుస్తె తెంపినవాడు కూడా ఆ శవాన్ని తిట్టడురా.

టీవీని గుడ్డ కప్పి మూలకు పెట్టాను. తీసుకుపోవడానికి మనిషిని పంపకు. వచ్చే ఆదివారం మళ్ళీ చూస్తాను. నా బిడ్డ గొంతు కోసం చూస్తాను. అదే నాకు అసహ్యంగా ఉంది. నీ ఇంటి ఎంగిలి తినడానికి నన్ను అలవాటు చేశావు.

సౌభాగ్యమ్మ


సికింద్రాబాదు,
1 మార్చి 2004

అత్తమ్మకు,

మీ ఉత్తరము రెండుసార్లు చదివాను. జవాబు ఆలస్యమైనందుకు క్షమించండి.

గొంతు సంగతి నిజమే. లీలమ్మ పోయాక వేరేవాళ్ళతో ఊ కొట్టించాము. పిల్లల నుండి ఉత్తరాలు వచ్చాయి, ముత్యానికి ఏమైంది, జ్వరమా అని. చిన్నరాములు ఇప్పుడు మా దగ్గరే సౌండు చూస్తాడు. అతడే పాత టేపులలోని ఊలన్నీ ఏరి ఒక పెట్టెలో పెట్టాడు. మీట నొక్కితే వస్తాయి. దీనిని మీరు దొంగతనమనుకుంటే నేనేమి చెప్పను? ఆమె స్వరము ఇంకనూ సేవలో ఉన్నదని నేను అనుకుంటాను.

మిగిలినది కూడా దాచకుండా చెబుతాను. మన జిన్నారం దారిలోని ఆ మందుల కంపెనీ యజమాని నాలుగేళ్ళుగా మా కార్యక్రమమునకు ముఖ్య సహాయకుడు. టీవీలో వచ్చే మాత్ర వారిదే. వారు లేకపోతే శాటిలైటు లేదు, హాస్టలు లేదు, రాహేలు చదువు లేదు. లీలమ్మ మరణము గురించి ఏ మాట ఎక్కడ అచ్చువేసినా వారి మనుషులు ముందు చూచి ఒప్పుకోవలెను. ఇంతకంటె నేను రాయలేను. మీరు తెలివిగలవారు.

మీరు నన్ను నమ్మరు గనుక రాహేలు చేతనే నాలుగు మాటలు రాయించి ఇందులో పెట్టుచున్నాను.

అహరోను

*

అమ్మమ్మకు రాహేలు వందనాలు. పెద్దనాయన చెప్పమన్నాడని నేను చెప్పడం లేదు. నాకు గుర్తుంది అమ్మమ్మా. అమ్మ గోడ పట్టుకొని వచ్చేది. ఒక్కోసారి ఊరికే నవ్వేది. నన్ను ఎత్తుకుంటే అదో రకం వాసన వచ్చేది, నాకు వాంతి వచ్చేది. నేను అబద్ధం చెప్పను. నువ్వు అమ్మను ప్రేమించావు కాబట్టి నీకు కనబడలేదు. నేను ఆమెను క్షమించాను. నువ్వు కూడా క్షమించాలి.
రాహేలు


జిన్నారం,
8 మార్చి 2004

అహరోనూ, ఈ ఉత్తరం నీకు కాదు. రాహేలును ఎదురుగా కూచోబెట్టుకొని చదివి వినిపించు. ఒక్క మాట మింగినా నీ నాలుక నీదే, నీ తీర్పు నీదే.

రాహేలూ, బిడ్డా. నీకు గుర్తున్నదంతా నిజమే. అమ్మ గోడ పట్టుకొని వచ్చింది నిజం. ఊరికే నవ్వింది నిజం. వాసన నిజం. అది కల్లు వాసన కాదు, సారా వాసన కాదు. కంపెనీలో సాల్వెంటు అని ఒకటుంటుంది, డ్రమ్ముల్లో వస్తుంది. మందు పొడిని అందులో కలిపి, వడగట్టి, పళ్ళాల్లో పోసి వేడి గదిలో ఆరబెడతారు. ఆ గదిలోంచి పళ్ళాలు తీసేది మీ అమ్మ, రాధమ్మ. తలుపు తియ్యగానే ఆవిరి మొహాన కొడుతుంది. ఇక్కడి నుంచి రాధమ్మ తన మాటగా రాస్తానంటున్నది, రాయనీ.

"నేను రాధమ్మను. ఆ ఆవిరి తగిలితే తల తిరిగేది బిడ్డా. నవ్వొచ్చేది, ఎందుకో తెల్వదు. కాళ్ళు ఒకదిక్కు, మేము ఒకదిక్కు. గేటుకాడ బెల్లంముక్క చేతిల పెట్టేటోళ్ళు, తింటే విషం దిగుతదని. నేను జల్దీ మానేసిన, మా ఆయన పని చేస్తుండె కాబట్టి. మీ అమ్మ మానలే. మీ నాయిన లారీ కింద పడి పోయిండు, ఇంట్ల నువ్వున్నవు. నేను కూడ గట్లనే తూలుకుంట వచ్చిన. నన్ను ఎవ్వరు తాగిందనలే, నేను గుడికి రాను కాబట్టి. మీ అమ్మ ఆదివారం గుడికి పోయేది. అందుకే దొరికింది."

అంతే బిడ్డా. రెండో షిఫ్టు చేసి, తెల్లారి తూలుతూ గుడిలోకి వస్తే, దేవుని పిల్లలకు తాగుబోతు తప్ప ఇంకేదీ కనబడలేదు. పెద్దలు కూచొని మాట్లాడి మీ అమ్మను ప్రభువు బల్లకు దూరం పెట్టారు. రొట్టె ద్రాక్షరసం అందరికీ వెళ్తుంటే అది చివరి వరుసలో గొర్రె సంచి ఒళ్ళో పెట్టుకొని కూచునేది. ఆరాధన అయ్యాక బల్ల కింద దూరి మీ అందరికీ ఊ కొట్టేది. వాళ్ళకు పైన బల్ల, దానికి కింద బల్ల. కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి, రొట్టె ముక్క నోట పడకుండానే పోయింది.

ఇగ నీకు అహరోనూ. ఇది కూడా రాహేలు ముందే చదువు. నువ్వు ఆ కంపెనీ స్టోరులో కొన్నాళ్ళు చేశావు. డ్రమ్ములు ఎత్తావు. ఒక పొద్దున వచ్చి గేదెల కుడితి తొట్టిలో పడ్డావు. తాగొచ్చావని మీ నాయన కట్టె పట్టుకొని వచ్చాడు. నీ నోరు వాసన చూసి అడ్డం నిలబడింది నేను. "అన్నా, వీడు తాగలే. కంపెనీనే వీన్ని తాగుతున్నది" అన్నాను. మజ్జిగలో నిమ్మకాయ పిండి పోశాను. మరునాడు పని మానేశావు.

నీకు తెలియదని చెప్పకు. తెలిసీ అచ్చు వేయించావు. నిన్ను ఆ తొట్టిలోంచి తీసిన చెయ్యి ఇది, ఇప్పుడు కడుక్కోవాలనిపిస్తున్నది.

సౌభాగ్యమ్మ, రాధమ్మ


సికింద్రాబాదు,
27 మార్చి 2004

ప్రియమైన అత్తమ్మకు వందనములు.

రాహేలుకు పరీక్షలు. ఈ సమయములో ఆ పిల్ల మనసు పాడు చేయుట మంచిది కాదని మీ ఉత్తరము ఇంకనూ ఆమెకు చదివి వినిపించలేదు. పండుగ కాగానే తప్పక చదువుతాను.

సంతోషకరమైన సంగతి. పండుగకు విదేశముల నుండి అతిథులు వచ్చుచున్నారు. మొదటి టేపులు చూచి వారు 'గొర్రె అవ్వ' ఎక్కడ అని అడిగారు. కమిటీ ఏకగ్రీవముగా మిమ్ములను సన్మానించ నిర్ణయించినది. ఈస్టరు తరువాతి శనివారము సాయంత్రము. మీరు ఒక కథ చెప్పవలెను. నోవహు ఓడ కథ చెప్పండి, పిల్లలకు ఇష్టము. చిన్నరాములు మీట నొక్కుతాడు, ముత్యము ఊ కొడుతుంది. మీ తరువాత రాహేలు సాక్ష్యము.

ఒకటే మనవి. కంపెనీ యజమాని మొదటి వరుసలో ఉంటారు. ఓడ కథ తప్ప వేరొక మాట వద్దు. మీరు మాట ఇస్తే కారు పంపుతాను. ఇవ్వకపోతే రాహేలును వేసవి సెలవులకు మీ దగ్గరకు పంపుట కష్టము కావచ్చును. నన్ను చెడ్డవాణ్ణి చేయకండి.

అహరోను


జిన్నారం,
2 ఏప్రిల్ 2004

ఓడ కథే చెప్తాను. కారు పంపు. రాధమ్మ కూడా వస్తుంది.

సౌభాగ్యమ్మ


సికింద్రాబాదు,
20 ఏప్రిల్ 2004

సౌభాగ్యమ్మగారికి,

మీరు మాట తప్పినారు. పెద్దవారు, విశ్వాసులు, దేవుని వేదిక మీద నిలబడి మోసము చేసినారు.

యజమాని గారు నడుమలోనే లేచి వెళ్ళిపోయారు. గేటు దాకా పరుగెత్తి కారు అద్దము పట్టుకొని బతిమాలాను. అద్దము ఎక్కించుకొని పోయారు. నేను తిరిగి వచ్చేసరికి హాలులో లైట్లు తీసివేసినారు, పిల్లలను బస్సులు ఎక్కించుచున్నారు. మీరు లేరు, రాధమ్మ లేదు, రాహేలు లేదు. గాజుపెట్టె తలుపు తీసి ఉన్నది, ముత్యము లేదు. ఇది దొంగతనము కాదా?

జూన్ నుండి శాటిలైటు ఆగిపోవును. పదేండ్ల పరిచర్యను ఒక్క సాయంత్రములో కూల్చిన ఘనత మీది. చిన్నరాములును పనిలోంచి తీసివేశాను. చెయ్యి ఊపి ఆపమని ఎంత చెప్పినా వాడు మీట నొక్కుతూనే ఉన్నాడు.

రాహేలును, ముత్యమును వెంటనే పంపండి. పండుగ టేపులో మీ భాగము కోసివేసి మిగిలినది ప్రసారము చేయుదుము.

అహరోను


జిన్నారం,
26 ఏప్రిల్ 2004

అహరోనుకు సౌభాగ్యమ్మ రాయించేది.

నేను మాట తప్పలేదు. ఓడ కథే చెప్పాను. నువ్వు కారు వెంట ఉరికావు కాబట్టి సగమే విన్నావు. సగం విన్నవాడికి మిగతా సగం చెప్పడం నా పని, అందుకే ఈ ఉత్తరం.

మొదలు నువ్వు విన్నావు. అనగనగా అన్నాను. ఊ అన్నది. వాన పడింది, ఊ. జంతువులన్నీ ఎక్కాయి, ఊ. ఓడ తలుపు మూశారు, ఊ. లోపల ఉన్నవాళ్ళు పాటలు పాడుకుంటున్నారు పిల్లలూ, మనం ఎప్పుడూ వాళ్ళ కథే చెప్పుకుంటాం, ఈరోజు తలుపు బయట ఉండిపోయిన ఒక తల్లి కథ చెప్తాను అన్నాను. బయట నీళ్ళు పెరుగుతున్నాయి, ఆమె కాళ్ళు నిలవడం లేదు, తూలుతున్నది. లోపలివాళ్ళు కిటికీలోంచి చూసి ఏమన్నారు? అది తాగింది, తలుపు తియ్యకండి అన్నారు. అప్పుడు వచ్చిన ఊ విన్నావు కదా. చివర పైకి లేచే ఊ. చిన్నరాములు ఏరి ఏరి నొక్కాడు. మా లీలమ్మ తన కథకు తనే ఊ కొట్టింది. నీకు తెలుసు అది, నీ మొహం అక్కడే పాలిపోయింది. ఆ తల్లి పేరు లీలమ్మ అన్నాను. ఆ నీళ్ళు ఏ నీళ్ళో, ఏ గదిలో ఆవిరో చెప్పాను. మొదటి వరుసలో మనిషి లేచాడు, నువ్వు ఉరికావు.

ఇప్పుడు విననిది విను.

నీ ఆఫీసు మనిషి వచ్చి చిన్నరాములు పెట్టె వైరు పీకాడు. బొచ్చు మనిషి తల ఊపుతున్నాడు, గొంతు రావడం లేదు. నన్ను దిగమని చెయ్యి పట్టుకున్నారు. కథ నడుమలో ఆపితే ఊ కొట్టినవాళ్ళు దారి తప్పుతారు, ఇంతమంది పిల్లలను దారి తప్పిస్తారా అన్నాను. చెయ్యి వదిలారు. కానీ ఊ లేకుండా నేను కూడా ముందుకు పోలేను. "ఊ కొట్టేటోళ్ళు ఎవ్వరు లేరా?" అని అడిగాను. పిల్లలు టీచర్ల మొహాలు చూశారు.

రాహేలు పక్కనే నిలబడి ఉంది. చేతిలో నువ్వు రాసిచ్చిన సాక్ష్యం కాగితం. మైకు దాని మొహం ముందు. అది నన్ను చూడడం లేదు, నేల చూస్తున్నది. అది ఆ కాగితం చదివితే నా బిడ్డ రెండోసారి పోయినట్టే, ఈసారి దాని కూతురి చేతిలో.

నేను దానికే చెప్పాను. గట్టిగా కాదు. ఆ తల్లి పని నుంచి వచ్చి బిడ్డను ఎత్తుకునే ముందు, బావి దగ్గర సబ్బుతో చేతులు రుద్దుకునేది. మోచేతుల దాకా. వాసన పోవాలని. రుద్ది రుద్ది తోలు లేచేది, వాసన పోయేది కాదు. ఎత్తుకుంటే బిడ్డ మొహం తిప్పుకునేది. దించితే ఏడ్చేది. మళ్ళీ పోయి చేతులు కడుక్కునేది.

ఆగాను.

"ఊ" అన్నది రాహేలు.

మైకులో అన్నది. చివర పైకి లేచింది. ముందు వరుసలో ఒక పసిది లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "ముత్యం! ముత్యం మాట్లాడింది!" అన్నది. హాలులో పిల్లలందరూ లేచారు. వాళ్ళకు ఆ గొంతు తెలుసు కదరా, ప్రతి ఆదివారం విన్నారు. రాహేలుకు మాత్రం తన గొంతు ఎవరిదో అప్పుడే తెలిసింది. మిగతా కథ అంతా అదే ఊ కొట్టింది. ఏడుస్తూనే కొట్టింది. నేను పూర్తి చేశాను. తర్వాత లైట్లు తీశారు. సాక్ష్యం కాగితం ఎక్కడ పడిందో మాకు తెలియదు, ఊడ్చేవాళ్ళను అడుగు.

గాజుపెట్టెలో గొర్రెను తీసింది రాహేలే. తల్లి కుట్టినదాన్ని బిడ్డ తీసుకుంటే దొంగతనమా? కేసు పెట్టుకో. గుండీలు నా రవికవి అని చెప్తాను.

టేపులో నా భాగం కోస్తానన్నావు. కొయ్యి. కార్యక్రమం ఆగిపోతుందన్నావు, ఆగనీ. నడవాలంటే గుడి వెనక రేకులు అక్కడే ఉన్నాయి, బల్ల కూడా ఉంది. చిన్నరాములు మొన్న వచ్చి చూసి వెళ్ళాడు, పాత కెమెరాకు బ్యాటరీ దొరుకుతుందేమో చూస్తానన్నాడు. లీలమ్మ గొంతు పెట్టె మాత్రం ఇకమీద ముట్టకు. ముట్టాలంటే ముందు దాని పేరు వెయ్యి, తాగలేదని వెయ్యి.

నీ టీవీ బస్సు మీద వేసి పంపిస్తున్నాను. నాకు దానితో పని లేదు.

సౌభాగ్యమ్మ వేలిముద్ర

పెద్దనాయనా, ఈ ఉత్తరం రాధమ్మత్త రాయలే, నేను రాసిన. చేతులు కడుక్కునే కాడ నాకు పెన్ను నడవలే. "ఊ కొట్టు, లేకుంటే నేను ముందటికి చెప్ప" అన్నది అమ్మమ్మ.
కొట్టిన.
రాహేలు